మాల్‌లో 180 కొట్టే అమ్మాయి టోర్నమెంట్‌లో 140 దగ్గర ఎందుకు ఆగుతుంది?

విశాఖలో మహిళల బౌలింగ్ అనగానే ఎవరికైనా పోతినమల్లయ్యపాలెం స్టేడియం గుర్తుకొస్తుంది. 2025 అక్టోబరులో మహిళల వన్డే ప్రపంచకప్ మ్యాచ్‌లు అక్కడ జరిగాయి మరి. నేను చెప్పబోయేది ఆ బౌలింగ్ సంగతి కాదు. మాల్‌లో సినిమా మొదలయ్యేలోపు టైమ్‌పాస్‌కి ఆడే ఆట ఉంటుంది చూడండి, చివర పది పిన్నులు నిలబెట్టి, మూడు వేళ్ళు దూర్చి బరువైన బంతిని దొర్లించేది, ఆ టెన్‌పిన్ బౌలింగ్. దాన్ని వృత్తిగా ఆడుతూ ఊరూరా టోర్నమెంట్లు తిరిగే ఆడవాళ్ళు ప్రపంచంలో చాలామందే ఉన్నారు. వాళ్ళ పోటీని యూట్యూబ్‌లో చూస్తే మనం ఆడేదానికీ దానికీ పెద్ద తేడా కనపడదు. అదే లేన్, అవే పిన్నులు, చూడ్డానికి అదే బంతి. మరి ఇక్కడ బాగా ఆడేవాళ్ళు అక్కడికి వెళ్తే ఎందుకు తేలిపోతారు?

మా మేనకోడలి సంగతే చూడండి. ఎంవీపీ కాలనీలో ఉంటుంది, రుషికొండ వైపు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఫ్రెండ్స్‌తో మాల్‌కి వెళ్తే తేలిగ్గా 180 దాటించేస్తుంది. ఆ ధైర్యంతో బెంగళూరులో ఒక ఓపెన్ టోర్నమెంట్‌కి పేరిచ్చింది. మొదటి రోజు సగటు 140 దగ్గర ఆగిపోయింది. "మావయ్యా, బంతి నా మాట వినట్లేదు" అని ఫోన్‌లో ఒకటే గోల. చెయ్యి బాగానే ఉంది, బంతి బాగానే ఉంది. మారింది నూనె.

అవును, నూనె. ఈ ఆటలో సగం చిక్కు అక్కడే ఉంది కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

ఫౌల్ లైన్ (బంతి వేసేటప్పుడు దాటకూడని గీత) నుంచి మొదటి పిన్ను దాకా లేన్ పొడవు 60 అడుగులు. వెడల్పు 41 అంగుళాల పైచిలుకు. అడ్డంగా లెక్కపెడితే 39 సన్నటి నిలువు పట్టీలు ఉంటాయి, వాటిని బోర్డులు అంటారు. కుడిచేతివాళ్ళు కుడి అంచు నుంచి లెక్కపెట్టుకుంటారు. ఫౌల్ లైన్ దాటాక దాదాపు 15 అడుగుల దూరంలో ఏడు బాణం గుర్తులు, ప్రతి ఐదు బోర్డులకీ ఒకటి. మంచి ఆటగాళ్ళు పిన్నుల్ని చూసి వెయ్యరు, ఈ బాణాల్ని చూసి వేస్తారు. ఇదంతా కంటికి కనిపించేది. కనిపించనిది, లేన్ ముందు భాగమంతా మెషీన్‌తో పరిచిన పల్చటి నూనె పొర. మొత్తం కలిపినా సుమారు 20 నుంచి 30 మిల్లీలీటర్లు, అంటే ఓ ఐదారు చెంచాలు. లేన్లు చెక్కతో చేసిన రోజుల్లో బంతి రాపిడికి చెక్క పాడవకుండా ఈ నూనె రాసేవారు. ఇప్పుడు చాలా చోట్ల లేన్లు సింథటిక్‌వి, చెక్కని కాపాడే అవసరం పోయింది. నూనె మాత్రం ఉండిపోయి, ఆటని శాసించే స్థాయికి వచ్చింది.

నూనె ఉన్నచోట బంతి జారుతుంది. లేనిచోట లేన్‌ని పట్టుకుని పక్కకి తిరుగుతుంది. ఆ తిరుగుడునే హుక్ అంటారు. సరదాగా ఆడేవాళ్ళ కోసం వేసే నూనెలో, అంటే హౌస్ షాట్‌లో, మధ్యలో దట్టంగా, రెండు అంచుల్లో నామమాత్రంగా ఉంటుంది. మధ్యకీ అంచులకీ తేడా పదిరెట్లు ఉన్నా ఆశ్చర్యం లేదు. దీనివల్ల ఏమవుతుందంటే, బంతి కాస్త కుడికి పోయినా అక్కడ పొడిగా ఉంది కాబట్టి తిరిగి వెనక్కి వస్తుంది. పొరపాటున మధ్యకి వేసినా నూనె మీద జారి తిన్నగా పోతుంది. వానాకాలం గెడ్డలో కొబ్బరికాయ ఎటునుంచి విసిరినా నడి ధారలోకే చేరుతుందే, అలాగ. తప్పులన్నిటినీ లేనే సర్దేస్తుంది. మనమేమో అది మన గొప్పే అనుకుంటాం.

పెద్ద టోర్నమెంట్లలో వేసే స్పోర్ట్ ప్యాటర్న్‌లో ఈ సర్దుబాటు ఉండదు. మధ్యకీ అంచులకీ తేడా మూడు నాలుగు రెట్లకి మించదు, కొన్నిట్లో ఇంకా తక్కువ. ఒక బోర్డు కుడికి జారితే బంతి తిరిగి రాదు. ఒక బోర్డు ఎడమకి పడితే ఆగకుండా తిరిగేసి అవతలికి పోతుంది. బోర్డు అంటే అంగుళం కంటే కాస్త ఎక్కువ, అంతే. పైగా ప్యాటర్న్ పొడవు కూడా మారుతూ ఉంటుంది. కొన్ని 35 అడుగుల దాకా, కొన్ని 45 దాకా పోతాయి. పొట్టి ప్యాటర్న్‌లో చివర పొడి నేల ఎక్కువ కాబట్టి బంతి బాగా తిరుగుతుంది, అంచు దగ్గర ఆడాలి. పొడుగు ప్యాటర్న్‌లో తిరగడానికి చోటు చాలదు, లోపలి నుంచి ఆడాలి. ఆటగాళ్ళు దీనికి ఒక మోటు లెక్క వాడతారు. ప్యాటర్న్ పొడవులోంచి 31 తీసేస్తే, బంతి ఏ బోర్డు దగ్గర మలుపు తిరగాలో వస్తుంది. 41 అడుగులైతే పదో బోర్డు, 35 అయితే నాలుగో బోర్డు. మోటు లెక్కే అయినా మొదటి నాలుగు బంతులు ఎక్కడ వెయ్యాలో తేల్చడానికి పనికొస్తుంది.

అసలు బంతి తిరగడం ఎందుకు, సూటిగా గురిచూసి కొడితే పోదా అని చాలామందికి అనుమానం. పోదు. స్ట్రైక్ పడాలంటే, అంటే ఒకే బంతికి పదీ పడాలంటే, కుడిచేతివాళ్ళ బంతి 1, 3 పిన్నుల (అన్నిటికంటే ముందున్నది, దాని వెనక కుడి పక్కది) మధ్య సందులోకి, అంటే పాకెట్‌లోకి దూరాలి. సరైన స్ట్రైక్‌లో బంతి తాకేది నాలుగు పిన్నుల్నే: 1, 3, 5, 9. మిగతా ఆరు పిన్నులూ ఒకదాన్నొకటి పడగొట్టుకుంటాయి. అలా జరగాలంటే బంతి నాలుగు నుంచి ఆరు డిగ్రీల కోణంలో లోపలికి రావాలి. 60 అడుగుల పొడవున్న బాట మీద కుడి అంచు నుంచి సూటిగా వేసినా ఒకటిన్నర డిగ్రీ కోణం రాదు. పాకెట్‌ని తాకుతుంది గానీ మొదటి పిన్ను దెబ్బకి పక్కకి మళ్ళిపోయి 5వ పిన్నుని వదిలేస్తుంది. హుక్ స్టైల్ కోసం వేసేది కాదు, ఆ కోణం కోసం.

కోణం తెచ్చే పని బంతిది. మాల్‌లో రాక్ మీద ఉండే రంగురంగుల బంతులు పాలిస్టర్‌వి, మామూలు భాషలో ప్లాస్టిక్ బంతులు. అవి పెద్దగా తిరగవు. 1990ల మొదట్లో రియాక్టివ్ రెజిన్ బంతులొచ్చి ఆట రూపమే మార్చేశాయి. వాటి పై పొర నూనెని పీలుస్తుంది, పొడి నేలని గట్టిగా పట్టుకుంటుంది. లోపల కోర్ అనే బరువైన దిమ్మ ఉంటుంది. దాని ఆకారాన్ని బట్టి, వేళ్ళకి రంధ్రాలు ఎక్కడ వేశారన్నదాన్ని బట్టి బంతి ఎప్పుడు తిరుగుతుందో, ఎంత పదునుగా తిరుగుతుందో మారుతుంది. అందుకే టోర్నమెంట్‌కి వచ్చే అమ్మాయి చక్రాల బ్యాగులో మూడు నాలుగు బంతులైనా తెచ్చుకుంటుంది: ఒకటి దట్టమైన నూనెకి, ఒకటి మధ్యస్తంగా, ఒకటి నూనె ఎండిపోయాక, ఒక ప్లాస్టిక్ బంతి స్పేర్ల కోసం, అంటే మొదటి బంతికి మిగిలిపోయిన పిన్నుల్ని తియ్యడానికి. రూల్ ప్రకారం బంతి 16 పౌండ్లు దాటకూడదు. మహిళా ప్రొఫెషనల్స్‌లో ఎక్కువమంది 14 లేదా 15 పౌండ్లు వాడతారు. మన లెక్కలో ఆరున్నర కిలోల అటూ ఇటూ.

ఇంతవరకూ చెప్పింది నూనె ఒకసారి పరిచి వదిలేస్తే జరిగేది. అసలు తలనొప్పి ఆ తర్వాత మొదలవుతుంది. ప్రతి బంతీ వెళ్ళిన దారిలో కొంత నూనె పీల్చేస్తుంది, కొంత ముందుకి ఈడ్చుకుపోతుంది. ఒకే లేన్ల జత మీద నలుగురు ఆడుతూ ఉంటే మూడో గేమ్ నాటికి ఆ లేన్ పొద్దున చూసిన లేన్ కాదు. దీన్ని ట్రాన్సిషన్ అంటారు. పైగా గేమ్ అయ్యాక ఇంకో జతకి మారాలి. అక్కడ అప్పటిదాకా ఆడినవాళ్ళు ఎటునుంచి వేశారో, ఎంత నూనె తినేశారో మనకి తెలియదు. ఎడమచేతివాళ్ళకి కొంచెం వెసులుబాటు. వాళ్ళ వైపు ఆడేవాళ్ళు తక్కువ కాబట్టి నూనె త్వరగా చెదరదు. ఎప్పుడో ఒకప్పుడు ప్రతి కుడిచేతి ఆటగత్తె దీనిమీద సణిగే ఉంటుంది.

రెండో రోజు నేనూ బెంగళూరు వెళ్ళి వెనక కుర్చీల్లో కూర్చున్నాను. మొదటి గేమ్‌లో మా పిల్ల రెండో బాణం మీదుగా, అంటే పదో బోర్డు మీదుగా వేసిన బంతి చక్కగా పాకెట్‌లోకి దూరింది. మూడో గేమ్‌లో అదే చోట నిలబడి, అదే బాణం మీదుగా, అదే వేగంతో వేసింది. బంతి నాలుగడుగుల ముందే తిరిగేసి మొదటి పిన్నుని ముఖాముఖి గుద్దింది. 4, 6, 7, 10 పిన్నులు నాలుగు మూలలా నిలబడ్డాయి. దాన్ని బిగ్ ఫోర్ అంటారు, దాదాపు ఎవరూ తియ్యలేరు. భుజం కదిలించుకుని, చేతులకి పౌడర్ సంచి రుద్దుకుని మళ్ళీ వేసింది. మళ్ళీ మొదటి పిన్ను ముక్కు మీదే. ఈసారి ఇంకా గట్టిగా వేసింది, గురి తప్పింది. అదే జత మీద ఆడుతున్న పెద్దావిడ, అదృష్టవశాత్తూ తెలుగావిడే, బంతికి అంటిన నూనె టవల్‌తో తుడుచుకుంటూ, "చేతిని తిట్టుకోకమ్మా, కాళ్ళు జరుపు. నిలబడే చోటు రెండు బోర్డులు ఎడమకి, గురి ఒక బోర్డు ఎడమకి" అంది. అంతే. నూనె అయిపోయిన దారి వదిలి, పక్కనే ఇంకా నూనె ఉన్న దారి పట్టుకోవడం. తర్వాతి బంతి పాకెట్‌లో పడింది. ఇంకో గేమ్ అయ్యేసరికి అదీ పోయింది, మళ్ళీ జరిగింది. ఎప్పుడు జరగాలో, ఎప్పుడు బంతి మార్చాలో, ఎప్పుడు ఏమీ మార్చకుండా ఊరుకోవాలో తెలియడమే ప్రొఫెషనల్‌కి ఉన్న విద్య. చూసేవాళ్ళకి మాత్రం చెయ్యి ఊపడమే కనపడుతుంది.

ఇక స్కోరు. మాల్‌లో స్క్రీనే లెక్కపెట్టేస్తుంది కాబట్టి చాలామందికి ఇది ఎలా పెరుగుతుందో తెలియదు. గేమ్‌కి పది ఫ్రేములు, ఫ్రేముకి రెండు బంతులు. మొదటి బంతికే పదీ పడితే స్ట్రైక్: పదితో పాటు తర్వాతి రెండు బంతుల్లో పడ్డ పిన్నులూ కలుస్తాయి. రెండు బంతుల్లో పది పడితే స్పేర్: పదితో పాటు తర్వాతి ఒక బంతి కలుస్తుంది. పదో ఫ్రేములో స్ట్రైక్ పడితే ఇంకో రెండు బంతులు వెయ్యనిస్తారు కాబట్టి, వరసగా 12 స్ట్రైకులు కొడితే 300, అదే పర్ఫెక్ట్ గేమ్.

ఈ నియమం వల్ల వచ్చే విడ్డూరం చూడండి. ఒకమ్మాయి వరసగా ఐదు స్ట్రైకులు కొట్టి, మిగతా ఐదు ఫ్రేముల్లో తొమ్మిదేసి పిన్నులు పడగొట్టి స్పేర్లన్నీ వదిలేసిందనుకోండి. ఆమె స్కోరు 183. ఇంకొకమ్మాయి కూడా ఐదు స్ట్రైకులే కొట్టింది, ఐదు ఫ్రేముల్లో తొమ్మిదేసే పడగొట్టింది, కాకపోతే ఒకటి విడిచి ఒకటి. ఆమె స్కోరు 140. పడగొట్టిన పిన్నులు ఇద్దరివీ సమానమే, తేడా 43. మూడో అమ్మాయి ఒక్క స్ట్రైకూ కొట్టలేదు, కానీ ప్రతి ఫ్రేములో మొదటి బంతికి తొమ్మిది, రెండో బంతికి మిగిలిన ఒక్కటి, ఒక్కసారి కూడా తప్పకుండా. ఆమె 190. ముగ్గురిలోనూ ముందున్నది ఆమే! స్ట్రైక్ పడ్డప్పుడే చప్పట్లు కొట్టే మనకి ఇది మింగుడుపడదు.

టోర్నమెంట్ స్పేర్లు తియ్యగలిగేవాళ్ళ వైపే మొగ్గుతుంది. కారణం, అక్కడ గెలుపు ఒక గేమ్‌తో తేలదు, మొత్తం పిన్నులతో తేలుతుంది. అమెరికాలో జరిగే యు.ఎస్. విమెన్స్ ఓపెన్ తీసుకుందాం. మహిళల బౌలింగ్‌లో అన్నిటికంటే కష్టమైన పోటీల్లో ఒకటి, 1949 నుంచి ఉంది. ఈమధ్య ఏళ్ళలో దాని పద్ధతి ఇలా ఉంది: మొదట రోజుకి 8 గేముల చొప్పున 24 గేములు. అక్కడ కట్, అంటే స్కోరు తక్కువున్నవాళ్ళు ఇంటికి. మిగిలినవాళ్ళు ఇంకో 8. మళ్ళీ కట్. ఆ మిగిలిన 24 మందీ ఒకరితో ఒకరు 24 గేముల మ్యాచ్ ప్లే. అందులో గెలిచిన ప్రతి గేమ్‌కీ 30 పిన్నులు బోనస్. మొత్తం 56 గేములు ఆడాక పైన ఉన్న ఐదుగురు మాత్రం టీవీ ఫైనల్‌కి వెళ్తారు. మొదటి 24 గేముల్లో గేమ్‌కి ఒక్క స్పేర్ వదిలినా 240 పిన్నులు పోయినట్టే. కట్ దగ్గర ఒకటి రెండు పిన్నుల తేడాతో ఇంటికి పోయేవాళ్ళుంటారు, ఇక 240 సంగతి చెప్పేదేముంది. అన్ని గేములు ఆడే ఒళ్ళు కూడా ఉండాలి. ఆరున్నర కిలోల బంతిని రోజుకి వంద సార్లకి పైగా విసిరితే బొటనవేలు, మణికట్టు, మోకాలు ఏ స్థితిలో ఉంటాయో ఊహించుకోండి.

టీవీ ఫైనల్ పద్ధతి నాకైతే అన్యాయమనే అనిపిస్తుంది. దాన్ని స్టెప్‌ల్యాడర్ అంటారు. ఐదో స్థానం, నాలుగో స్థానం ఆడతారు, గెలిచినవాళ్ళు మూడో స్థానంతో, అలా పైకి ఎక్కుతూ వస్తారు. మొదటి స్థానంలో ఉన్నావిడ ఆడేది ఒక్కటే గేమ్. 56 గేముల పాటు అందరికంటే బాగా ఆడినావిడ, కింద నుంచి మూడు గేములు గెలిచి చెయ్యి వేడెక్కి వచ్చినావిడ చేతిలో ఒక్క గేమ్‌లో ఓడిపోవచ్చు. టీవీ వాళ్ళకి కావలసింది గంటన్నరలో తేలిపోయే కథ. టీవీ లేకపోతే స్పాన్సర్లు లేరు, వాళ్ళు లేకపోతే ప్రైజ్ మనీ లేదు. అన్యాయమే అయినా ఎందుకు కొనసాగుతోందో అర్థమవుతుంది.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న: పరుగు పందెం కాదు, బరువులెత్తడం కాదు, మరి ఈ ఆటలో ఆడవాళ్ళకి వేరే టూర్ ఎందుకు?

శరీర బలం తేడా ఉంది, కాకపోతే మనం అనుకునే చోట కాదు. పిన్నులు పడగొట్టడానికి బలం పెద్దగా అక్కర్లేదు. తేడా వచ్చేది బంతి వేగంలోనూ, బంతి తన చుట్టూ తాను తిరిగే చుట్లలోనూ. ఆ చుట్లని రెవ్స్ అంటారు. పైస్థాయి మగవాళ్ళు సాధారణంగా ఎక్కువ వేగంతో, ఎక్కువ రెవ్స్‌తో వేస్తారు. రెండు చేతులతో వేసేవాళ్ళయితే మరీను. రెవ్స్ ఎక్కువైతే లేన్ లోపలి నుంచి బయటికి విసిరి మళ్ళీ వెనక్కి రప్పించవచ్చు, కోణం పెరుగుతుంది, గురి కొంచెం తప్పినా పిన్నులు పడతాయి. ఆడవాళ్ళలో ఎక్కువమందికి ఆ వెసులుబాటు తక్కువ. వాళ్ళు సూటి దారుల్లో, ఇంకా కచ్చితంగా ఆడాలి. పొడుగు ప్యాటర్న్‌లో ఇది బాగా తెలుస్తుంది. అందుకే యూరోపియన్ బౌలింగ్ టూర్‌లో మగవాళ్ళతో కలిసి ఆడే మహిళలకి గేమ్‌కి 8 పిన్నులు కలుపుతారు, ఇలా కలపడాన్నే హ్యాండిక్యాప్ అంటారు. 8 అంటే ఒక స్పేర్ విలువ కూడా లేదు. ఈ ఆటలో ఆడ మగ తేడా ఎంతో లెక్కగట్టమంటే ఆ సంఖ్య చాలు.

అయినా వేరే టూర్ కావాలి. ఎందుకో అమెరికా చరిత్ర చూస్తే తెలుస్తుంది. అక్కడ మహిళా ప్రొఫెషనల్స్ సంఘం 1960లో పుట్టింది. పేర్లు మార్చుకుంటూ నాలుగు దశాబ్దాలు నడిచి, డబ్బుల్లేక 2003లో టూర్ మూతపడింది. ఆడేవాళ్ళకి లోటు లేదు, ఆడించేవాళ్ళే లేకపోయారు. అప్పుడు మిగిలిన దారి ఒక్కటే, మగవాళ్ళ టూర్‌లో తలపడటం. 2005లో లిజ్ జాన్సన్ ఆ టూర్‌లో టీవీ ఫైనల్ దాకా వెళ్ళింది. 2006లో కెల్లీ కులిక్ క్వాలిఫయింగ్ పోటీలు గెలిచి ఆ టూర్‌లో సీజన్ మొత్తం ఆడే హక్కు సంపాదించిన మొదటి మహిళ అయింది. ఆ సీజన్ ఆమెకి పెద్దగా కలిసిరాలేదు. 2010 జనవరి 24న మాత్రం లాస్ వేగాస్‌లో టోర్నమెంట్ ఆఫ్ చాంపియన్స్ ఫైనల్లో ఆ కాలపు గట్టి ఆటగాడు క్రిస్ బార్న్స్‌ని 265–195 తేడాతో ఓడించింది. ఒక్క పిన్ను హ్యాండిక్యాప్ కూడా లేకుండా. మగవాళ్ళ టూర్‌లో ఒక మహిళ టైటిల్ గెలవడం అదే మొదటిసారి.

ఆ గెలుపు చూసి "ఇంక వేరే టూర్ ఎందుకు" అన్నవాళ్ళున్నారు. నేను దాన్ని ఇంకోలా చదువుతాను. ఒక్క కులిక్ పైకి రావడానికి ఆమెతోపాటు టూర్ పోగొట్టుకున్న ఎంతమంది ఆట మానేసి ఉద్యోగాలు చూసుకున్నారు? 2015లో అమెరికా బౌలింగ్ కాంగ్రెస్, బౌలింగ్ సెంటర్ల యజమానుల సంఘం కలిసి మహిళల టూర్‌ని మళ్ళీ మొదలుపెట్టినప్పుడు ఆటగత్తెలు ఎక్కడినుంచి వచ్చారో చూస్తే ఇంకో విషయం బయటపడుతుంది. టూర్ మూతపడిన మరుసటి ఏడే, 2004లో, అమెరికా యూనివర్సిటీల క్రీడా సంస్థ మహిళల బౌలింగ్‌కి జాతీయ చాంపియన్‌షిప్ మొదలుపెట్టింది. విశేషమేమిటంటే ఆ సంస్థ దగ్గర మగవాళ్ళ బౌలింగ్ చాంపియన్‌షిప్ లేదు, ఆడవాళ్ళకే ఉంది. చదువులో, క్రీడల్లో ఆడామగా సమాన అవకాశాలివ్వాలన్న అక్కడి చట్టం వల్ల యూనివర్సిటీలు మహిళల జట్లు పెంచుకోవలసి వచ్చింది, స్కాలర్‌షిప్‌లు వచ్చాయి. ప్రొఫెషనల్ టూర్ లేని ఆ పన్నెండేళ్ళూ ఆటని బతికించింది కాలేజీలే. 2018, 2019ల్లో టూర్‌లో ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచిన షానన్ ఓకీఫ్ కూడా యూనివర్సిటీ జట్టుకి కోచ్‌గా పని చేస్తూ ఆడినావిడే. ప్రొఫెషనల్ అంటే ఆటమీదే కోట్లు సంపాదించేవాళ్ళని అనుకోవద్దు. ఎంట్రీ ఫీజు సొంతంగా కట్టుకుని, ప్రయాణం, హోటల్ పెట్టుకుని వెళ్ళి, కట్ దాటకపోతే రిక్తహస్తాలతో తిరిగి రావాలి. అందుకే చాలామందికి కోచింగో, బంతులకి రంధ్రాలు వేసే ప్రో షాపో, ఇంకేదో ఉద్యోగమో పక్కన ఉంటుంది.

ఇది అమెరికా వాళ్ళ సొత్తూ కాదు. జపాన్‌లో 1970లో రిత్సుకో నాకయామా టీవీ కెమెరాల ముందు పర్ఫెక్ట్ గేమ్ ఆడాక ఆ దేశమంతా బౌలింగ్ పిచ్చి పట్టింది. సింగపూర్ ఎంత, చిన్న దేశం. అక్కడి షేనా ఇంగ్ 2021లో దుబాయ్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ సింగిల్స్ గెలిచింది.

మన దేశంలో మహిళలకి ప్రొఫెషనల్ టూర్ లేదు. టెన్‌పిన్ బౌలింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా ఆధ్వర్యంలో జాతీయ పోటీలు జరుగుతాయి, కొన్ని ఓపెన్ టోర్నమెంట్లు ఉంటాయి. అవి ఎక్కువగా బెంగళూరు, ఢిల్లీ పరిసరాల్లోనే. ఈ ఆట ఒలింపిక్స్‌లో లేదు. 1988 సియోల్‌లో ప్రదర్శన క్రీడగా పెట్టారు, అంతటితో సరి. ఏషియన్ గేమ్స్‌లో 1978 నుంచి వస్తూ పోతూ ఉండేది, 2018 జకార్తా తర్వాత హాంగ్‌ఝౌలో తీసేశారు. పతకం లేని ఆటకి మన దగ్గర సర్కారు సాయం దొరకడం కష్టం.

సరే, విశాఖలో ఉంటూ ఇందులోకి దిగాలనుకునే అమ్మాయికి ఏమిటి దారి?

ముందు మన ఊరి గాలి సంగతి. సముద్రపు ఉక్కపోత ఈ ఆటకి అడ్డమే. చేతులు చెమర్చి బొటనవేలు ఉబ్బుతుంది, రంధ్రంలో ఇరుక్కుంటుంది. ఏసీ హాల్లోకి వెళ్ళిన పావుగంటకి అదే వేలు సన్నబడి బంతి జారిపోతుంది. అందుకే సొంత బంతి ఉన్నవాళ్ళు రంధ్రం లోపల సన్నటి టేపు ముక్కలు అంటించుకుంటారు. వేలు ఉబ్బితే ఒక ముక్క పీకడం, సన్నబడితే ఒకటి వెయ్యడం, ఒక్కో గేమ్‌లో రెండు మూడు సార్లయినా జరుగుతుంది. బూట్ల సంగతీ అంతే. కుడిచేతివాళ్ళకి ఎడమ బూటు అడుగు జారాలి, కుడిది ఆగాలి. అద్దె బూట్లకి ఈ తేడా ఉండదు. ముందు కొనుక్కోవలసింది బూట్లే. తర్వాత చేతి కొలతకి రంధ్రాలు వేయించిన బంతి. మంచి రియాక్టివ్ బంతి అమెరికాలోనే 150 నుంచి 250 డాలర్ల దాకా ఉంటుంది, మన దాకా వచ్చేసరికి సుంకం, రవాణా అదనం. కాబట్టి ఆట మీద మోజు ఏడాది నిలిచాక కొనడం మంచిది. రంధ్రాలు వేయించడానికి ఎలాగూ ప్రో షాపున్న ఊరు వెళ్ళాలి, వేళ్ళు వాళ్ళ ముందుంటేనే కొలత కుదురుతుంది.

ప్రయాణం ఇంకో లెక్క. 14 పౌండ్ల బంతులు మూడు పెడితేనే 19 కిలోలు. దేశంలో తిరిగే విమానాల్లో మామూలు టికెట్టుకి చాలావాటిలో 15 కిలోలే ఒప్పుకుంటారు. అదనపు లగేజీకి కట్టే డబ్బుతో రైలు టికెట్టు వచ్చేస్తుంది. బెంగళూరుకి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఉండనే ఉంది. ఒక రోజు ముందే వెళ్తే ప్రాక్టీస్ స్క్వాడ్, అంటే పోటీకి ముందు ఆ లేన్ల మీద ఆడి చూసుకునే అవకాశం కూడా దొరుకుతుంది.

ప్రాక్టీస్ విషయంలో నాది గట్టి అభిప్రాయం. స్పోర్ట్ ప్యాటర్న్ మన ఊళ్ళో ఎవరూ వెయ్యరు కాబట్టి ఇక్కడ ఏం నేర్చుకున్నా దండగ అనడం సరికాదు. స్ట్రైక్ బంతికే నూనె కావాలి. స్పేర్ బంతికి అక్కర్లేదు. ప్లాస్టిక్ బంతిని సూటిగా, కొంచెం వేగంగా, లేన్‌కి అడ్డంగా ఎదురు మూలకి వేస్తే కింద నూనె ఎంత ఉన్నా పెద్ద తేడా రాదు. ప్రొఫెషనల్స్ కూడా స్పేర్లు అలాగే తీస్తారు. మాల్‌లో రద్దీ లేని మధ్యాహ్నం ఒక లేన్ తీసుకుని, పిన్నులన్నీ నిలబడి ఉన్నా సరే, కుడి మూల 10వ పిన్ను ఒక్కదాన్నే తాకేలా వెయ్యడం ప్రాక్టీస్ చెయ్యాలి. స్క్రీన్ మీద వచ్చే స్కోరు చూడకూడదు, అది ఎలాగూ చెత్తగా ఉంటుంది. పక్క లేన్‌వాళ్ళు జాలిగా చూస్తారు, చూడనివ్వండి. కుడిచేతివాళ్ళకి మంచి బంతి వేసినప్పుడు కూడా మిగిలిపోయే పిన్ను అది, 10 వదలకుండా తీసేవాళ్ళ స్కోరు దానంతటదే పెరుగుతుంది. తర్వాత ఎడమ మూల 7వ పిన్ను.

చివరగా పేరిచ్చేముందు చూసుకోవలసినవి. టోర్నమెంట్ ప్రకటనలో ఎన్ని గేములకి కట్ పెడతారు, మహిళలకి వేరే విభాగం ఉందా లేక అందరితో కలిపి హ్యాండిక్యాప్ ఇస్తారా, ఉంటే ఎన్ని పిన్నులు, ఒకసారి కట్ దాటకపోతే మళ్ళీ డబ్బు కట్టి ఆడే రీ-ఎంట్రీ ఉందా అన్నవి కనుక్కోవాలి. రీ-ఎంట్రీ ఉన్న పోటీల్లో డబ్బున్నవాళ్ళు రెండు మూడు సార్లు ఆడి మంచి స్కోరు తెచ్చుకుంటారు, ఒక్కసారికే డబ్బు తెచ్చుకున్నవాళ్ళు వెనకబడతారు. అన్నిటికంటే ముఖ్యం, నిర్వాహకుల్ని ప్యాటర్న్ షీట్ అడగడం. నూనె ఎన్ని అడుగులు, ఎన్ని మిల్లీలీటర్లు, మధ్యకీ అంచులకీ ఎన్ని రెట్ల తేడా అన్నది అందులో ఉంటుంది. పేరున్న టోర్నమెంట్లు అడగకుండానే ముందుగా ఇచ్చేస్తాయి. "మామూలు హౌస్ షాటేనండీ" అన్నారంటే మొదటిసారి వెళ్ళేవాళ్ళు నిరాశపడనక్కర్లేదు, అలాంటి చోటే మొదలుపెట్టడం మేలు. 40 అడుగులు దాటిన స్పోర్ట్ ప్యాటర్న్ అన్నారంటే ఒక రోజు ముందు వెళ్ళి, ప్రాక్టీస్ స్క్వాడ్‌కి విడిగా డబ్బు కట్టైనా సరే, ఆ నూనె మీద నాలుగు గేములు ఆడి చూసుకోవాలి.